అమెరికా నుంచి షూటింగ్‌కి వస్తే కెమెరా పెట్టె రాలేదు, ఇప్పుడేం చేయాలి?

మీ తమ్ముడు డాలస్ నుంచి ప్రభల తీర్థం (రంగు గుడ్డలతో అలంకరించిన ఎత్తయిన వెదురు ప్రభల్ని ఊరూరి నుంచి మోసుకొచ్చే కనుమ పండగ) చిత్రీకరించడానికి వచ్చాడనీ, కెమెరా పెట్టె మాత్రం హైదరాబాద్‌లో దిగలేదనీ, కనుమ ఎల్లుండేననీ రాశారు. నేను అమలాపురంలో పెళ్లిళ్లు, తీర్థాలు షూట్ చేస్తుంటానండి. బయటి దేశం నుంచి వచ్చిన ఒక బృందానికి ఇదే కష్టం వస్తే వెంట ఉండి పని నడిపించాను. ముందు చెప్పేదొక్కటే: పెట్టె కోసం హైదరాబాద్‌లో కూర్చోవద్దు. అది ఇవాళ కాకపోతే రేపొస్తుంది. జగ్గన్నతోటలో జరిగే ఆ తీర్థం దాటిపోతే మళ్లీ ఏడాదే.

అయితే ఎయిర్‌పోర్టు నుంచి బయటికి వచ్చేలోపే ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు, అంటే సామాను రాలేదని విమాన సంస్థ నమోదు చేసే కాగితం, రాయించుకోవాలి. విదేశీ సామాను కస్టమ్స్ దాటేది హైదరాబాద్‌లోనే కాబట్టి, మధురపూడిలో (రాజమండ్రి ఎయిర్‌పోర్టులో) దిగాక అడుగుదాంలే అనుకోకూడదు. హైదరాబాద్ దాకా తీసుకొచ్చిన విమానం ఎవరిదో వాళ్ల కౌంటర్లోనే ఇవ్వాలి. ఏ వస్తువు, ఏ సీరియల్ నంబరు అన్నది వివరంగా రాయించండి. చిరునామా కింద మీ ఫోన్ నంబరు ఇవ్వండి, అమెరికా నంబరు ఇస్తే ఇక్కడ డెలివరీ కుర్రాడు ఫోన్ చేయడు. పెట్టెలో విడి లిథియం బ్యాటరీలు ఉన్నాయేమో కనుక్కోండి. అవి చేతి సంచిలోనే తేవాలి, లోడ్ చేసే సామానులో పెడితే పెట్టెనే ఆపేస్తారు. డ్రోన్ ఉంటే అది వేరే తలనొప్పి, 2022 ఫిబ్రవరి నుంచి మన దేశంలోకి డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది.

ఇక కెమెరా. ఈ విషయంలో మీ అదృష్టం బాగుంది. ధనుర్మాసం, పుష్యమాసాల్లో మన వైపు ముహూర్తాలుండవు, పెళ్లి వీడియోగ్రాఫర్ల కెమెరా బాడీలు, లెన్సులు ఇళ్లలో ఖాళీగా ఉంటాయి. ఇదే మాఘంలో అంతర్వేది కల్యాణానికి వచ్చి ఉంటే ఒక్క ట్రైపాడ్ కూడా దొరికేది కాదు. అద్దెకు తీసుకునేటప్పుడు కెమెరాతో పాటు ఆపరేటర్నీ పంపమనండి. ఆ కుర్రాళ్లకి ఏ గట్టు మీద నిలబడాలో, ఏ ఊరి ప్రభ ఎప్పుడు కదులుతుందో తెలుసు.

మొసలపల్లి జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి కదా, అన్నిటినీ పట్టుకోవాలని పరుగెత్తొద్దు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటే ఘట్టం మీద మనసు పెట్టండి. పీకల్లోతు నీళ్లలో అంత ఎత్తు ప్రభని భుజాల మీద ఒరగకుండా మోస్తూ, "అశ్శరభ శరభ" అంటూ అవతలి గట్టు ఎక్కిస్తారు. నేను పక్కనుండి చూసిన బృందానికి ట్రైపాడ్లు కూడా రాలేదు. గోనె సంచిలో సగం దాకా ధాన్యం పోసి, మూతి కట్టి, గట్టు మీద వేసి దాని మీద కెమెరా కుదిర్చాం. లెన్సుని అటూ ఇటూ నొక్కితే ధాన్యం సర్దుకుని గట్టిగా పట్టుకుంటుంది. షాట్ చెక్కు చెదరలేదు. మైకు లేదని దిగులొద్దు. ఇంకో ఫోన్‌లో శబ్దం విడిగా రికార్డు చేయండి, గాలి కొట్టకుండా పలచటి నూలు గుడ్డ చుట్టండి. గంటల మోత, జనం కేక లేని ప్రభ సగం ప్రభే.

మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి: మన కరెంటు 50 హెర్ట్‌జ్. అమెరికా అలవాటులో షట్టర్ వేగం 1/60 సెకను పెడితే రాత్రి దీపాలు మినుకుమంటాయి, 1/50 గానీ 1/100 గానీ పెట్టాలి.

డబ్బు సంగతి. అద్దె బిల్లులన్నీ పేరు, తేదీతో తీసుకోండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకి వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను ఆలస్యమైతే అది చేతికొచ్చిన 21 రోజుల్లోగా, దెబ్బతింటే 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. పరిహారం ఒక ప్రయాణికుడికి గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల యూనిట్), అంటే సుమారు రెండు వేల డాలర్లు. 2024 డిసెంబరు 28 నుంచి ఇదే పరిమితి. కెమెరా, లెన్సులన్నీ ఆ డబ్బుకి రావు, కాబట్టి పరికరాలకి బీమా ఉంటే వాళ్లకీ ఇవాళే కబురు పెట్టమనండి.

మీ తమ్ముడి చేతి సంచిలో లెన్సు ఏదైనా మిగిలి ఉంటే అది ఏ మౌంటో (కెమెరాకి తగిలించే బిగింపు ఏ రకమో) ఇక్కడ రాయండి. దానికి సరిపడే బాడీ ఎవరి దగ్గరుందో సాయంత్రంలోగా కనుక్కుని చెబుతాను.