టెక్ సందేహాలు: పిల్లల చేతికి ఏ బొమ్మల ఆట ఇవ్వాలి?

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయి, ఈ వారం ఉత్తరాలన్నీ పిల్లల గురించే.

మా పాపకు ఆరేళ్లు. ఫోన్‌లో రంగులేసే యాప్ పెట్టిస్తే ఊకే ప్రకటనలు వస్తున్నాయి. ఏదో నొక్కితే ఇంకో యాప్ దిగిపోయింది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది, పనికొస్తుందా? – ఒక తల్లి, హనుమకొండ

బాగా పనికొస్తుందమ్మా. అందులో టక్స్ పెయింట్ వేయండి. 2002 నుంచి ఉన్న, బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, 3 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం చేశారు. ప్రకటనలు ఉండవు. ఒకసారి ఇన్‌స్టాల్ చేశాక నెట్ అక్కర్లేదు. సేవ్ నొక్కితే పేరేంటి, ఏ ఫోల్డర్ అని అడగదు, బొమ్మను తనే దాచిపెడుతుంది. చదవడం సరిగా రాని పిల్లలకు ఇదెంత మేలో చెప్పలేను. భాష కూడా తెలుగు పెట్టుకోవచ్చు.

మ్యాజిక్ అనే చోట కెలిడోస్కోప్ ఉంటుంది, ముందు అది చూపించండి. పాప ఒక మూల గీత గీస్తే నాలుగు మూలలా అదే గీత అద్దంలో పడ్డట్టు వస్తుంది. తంగేడు పసుపు ఒక వరుస, రంగద్దిన గునుగు పూల గులాబీ ఇంకో వరుస వేయించండి. పైనుంచి చూసిన బతుకమ్మ తెరమీద లేస్తుంది.

గీసిపెట్టిన బొమ్మలో నొక్కితే రంగు నిండే యాప్‌లు నాకు నచ్చవు. గీత యాప్ వాళ్లదే, రంగులూ వాళ్లవే, పాప చేసేది వేలు పెట్టడమే. ఫోనే ఇవ్వాల్సి వస్తే ప్లే స్టోర్‌లో యాప్ పేరు కింద ‘యాడ్స్ ఉన్నాయి’ అని రాసుందేమో చూడండి. సెట్టింగ్స్‌లో యాప్ పిన్నింగ్ ఆన్ చేసి ఆ యాప్‌ను పిన్ చేస్తే, పాప అందులోంచి వేరే యాప్‌లోకి జారిపోదు.

నేను చిన్నప్పుడు ఆడిన బొమ్మల వెబ్‌సైట్లు మా పిల్లలకు తెరుచుకోవట్లేదు. – కరీంనగర్

అవి ఫ్లాష్ మీద నడిచేవి, అంటే బ్రౌజర్‌లో ఆటలు, కదిలే బొమ్మలు ఆడించే అడోబ్ కంపెనీ సాఫ్ట్‌వేర్. అడోబ్ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌ను ఆపేసింది. ఇప్పుడు ఎక్కడైనా ‘ఫ్లాష్ ప్లేయర్ డౌన్‌లోడ్’ అని కనిపిస్తే అస్సలు ముట్టుకోవద్దు, వైరస్ అంటగట్టే దారి అది. రఫుల్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ (చిన్న అదనపు ప్రోగ్రాం) బ్రౌజర్‌కు తగిలిస్తే పాత ఆటల్లో చాలావరకు మళ్లీ నడుస్తాయి.

బాబుకు తొమ్మిదేళ్లు. చేర్యాల పటాలు చూసినప్పటి నుంచి అవే గీస్తున్నాడు. వాటిని కంప్యూటర్‌లో కథలాగా చేయొచ్చా? – ఒక తండ్రి, జనగామ

తప్పకుండా చేయొచ్చు. ఈ ఉత్తరం చూసి నాకు ఎంత సంతోషమైందో! చేర్యాల పటమంటే పొడవాటి బట్ట మీద గడులుగా గీసిన కథ కదా, అది నడిచేదే ఒక్కో గడి విప్పుతూ, పాట పాడుతూ. సరిగ్గా అలాంటి పనికి వచ్చేది స్క్రాచ్, ఆదేశాల ముక్కలు (బ్లాకులు) ఒకదాని కింద ఒకటి పేర్చి పిల్లలే కథలు, ఆటలు చేసుకునే సాఫ్ట్‌వేర్. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు 2007లో తెచ్చారు, 8 నుంచి 16 ఏళ్ల వాళ్ల కోసం. పైసా ఖర్చు లేదు.

బాబును కాగితం మీదే గీయనివ్వండి. ఆ ఎర్ర నేపథ్యం చేత్తో వేస్తేనే బాగుంటుంది. ఒక్కో గడిని ఫోన్ అడ్డంగా పట్టుకుని పగటి వెలుతురులో ఫొటో తీయండి. స్క్రాచ్‌లో వాటిని బ్యాక్‌డ్రాప్‌లుగా, అంటే వెనక కనిపించే తెర బొమ్మలుగా, వరసగా అప్‌లోడ్ చేయాలి. తర్వాత రెండే బ్లాకులు: ‘స్పేస్ కీ నొక్కినప్పుడు’, దాని కింద ‘తర్వాతి బ్యాక్‌డ్రాప్’. నొక్కినకొద్దీ పటం విప్పుకుంటూ పోతుంది. సౌండ్స్ ట్యాబ్‌లో రికార్డు బటన్ ఉంటుంది. కథ నానమ్మతో చెప్పించండి, బాబు దాన్ని గడికింత చొప్పున ముక్కలు చేసుకుంటాడు.

ఫోన్‌లో ఈ పని ఇరుకు, కంప్యూటరే మేలు. నెట్ సరిగా రాకపోతే స్క్రాచ్ డెస్క్‌టాప్ యాప్ దింపుకోండి. ఖాతా లేకున్నా నడుస్తుంది, ఫైల్ మెనూలోంచి ప్రాజెక్టును మీ కంప్యూటర్‌లోనే దాచుకోవచ్చు. నలుగురికీ చూపించాలని బాబు అడిగితే అప్పుడు మీ ఈమెయిల్‌తో ఖాతా తెరవండి. యూజర్ పేరులో మాత్రం వాడి అసలు పేరు, బడి పేరు పెట్టొద్దు.