గ్యాస్ తగ్గిందంటే కొండ చల్లబడినట్టేనా?

ప్రశ్న: సార్, అగ్నిపర్వతం దగ్గర రోజూ ఎంత గ్యాస్ వస్తోందో కొలుస్తారంట కదా, మరి ఆ గ్యాస్ తగ్గిపోతే ఇంక భయం లేదనుకోవచ్చా?

జవాబు: అలా అనుకోకూడదండీ, ఒక్కోసారి అప్పుడే ఎక్కువ భయపడాలి. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో సంగతే చూడండి, మే మధ్యలో రోజుకి సుమారు 500 టన్నులున్న సల్ఫర్ డయాక్సైడ్ గ్యాస్ మే 28కల్లా 5,000 దాటింది, జూన్ మొదట్లో చూస్తే బాగా పడిపోయింది. తెలియనివాళ్లైతే హమ్మయ్య అనుకునేవాళ్లే. కానీ శాస్త్రవేత్తలు మాత్రం లోపల గ్యాస్ బయటికొచ్చే దారి మూసుకుపోతోందేమో అని కంగారుపడ్డారు, కుక్కర్ వెయిట్ దగ్గర అన్నం మెతుకు అడ్డంపడితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. జూన్ 15న కొండ భయంకరంగా పేలింది, కాకపోతే అప్పటికే వేల మందిని ఖాళీ చేయించేశారు.

అందుకే ఒక్క గ్యాస్ లెక్కనే పట్టుకుని కూర్చోరు. పైగా గ్యాస్ కొలిచే స్పెక్ట్రోమీటర్లు చాలావరకు ఎండ వెలుగు మీదే ఆధారపడతాయి, రాత్రయితే వాటికి పని లేదు. భూకంపాలు లోతు నుంచి పైకి జరుగుతున్నాయా, నేల ఉబ్బుతోందా అని కూడా చూస్తారు. ఉబ్బు చూడ్డానికి జీపీఎస్, శాటిలైట్ రాడార్ ఉన్నాయి, నాకైతే నేల వాలు కొలిచే టిల్ట్‌మీటరే ముచ్చటగా ఉంటుంది, కిలోమీటరు పొడవున్న కడ్డీకి ఒక చివర ఒక్క మిల్లీమీటరు ఎత్తితే వచ్చే వాలుని కూడా పట్టేస్తుందది. అయినా పేలుడు సంగతి అన్నిసార్లూ ముందే దొరకదు, జపాన్‌లో ఒంటాకే కొండ 2014 సెప్టెంబర్ 27న హెచ్చరిక అన్నిటికన్నా కింది లెవెల్లో ఉండగానే పేలింది, కంపనం మొదలైన పదకొండు నిమిషాలకే, పైన ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లలో చనిపోయినవాళ్లు, జాడ తెలీనివాళ్లు కలిపి 63 మంది.

ప్రశ్న: లావా మెల్లగా పారుతుంది కదా, పరిగెత్తి తప్పించుకోవచ్చుగా?

జవాబు: లావా నుంచి చాలాసార్లు తప్పించుకోవచ్చు, కానీ ఎక్కువమందిని చంపేది అది కాదు. కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ 1985 నవంబర్ 13న పేలింది, అదేమంత పెద్ద పేలుడు కూడా కాదు, కానీ కొండ మీది మంచు కరిగి బురద వరదై సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని అర్మేరో ఊరిని ముంచేసింది, 20 వేల మందికి పైగా పోయారు. ఆ ఊరికి ముప్పుందని నెల ముందే మ్యాప్ గీసిపెట్టారు, బురద వచ్చేసరికి రెండు గంటలకి పైనే పట్టింది, ఎత్తైన నేల కూడా దగ్గర్లోనే ఉంది. ఊరు మాత్రం ఖాళీ కాలేదు.