వంతెనకి పైకప్పు ఎవరి కోసం?

ఈసారి పిల్లల ప్రశ్నల్లో కప్పు ఉన్న చెక్క వంతెనల గురించే నాలుగు ఉత్తరాలు వచ్చాయి. నాకు ఎంతో ఇష్టమైన విషయం కాబట్టి పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా బాబాయి అమెరికాలో వెర్మాంట్ వెళ్లినప్పుడు ఒక ఫోటో పంపించాడు. ఏటి మీద ఎర్రరంగు వేసిన చెక్క ఇల్లు లాంటిది ఉంది, దాని లోపల్నుంచి కారు వస్తోంది! అది వంతెనట. వంతెనకి ఇంటికి వేసినట్టు కప్పు, గోడలు ఎందుకండీ? మంచు పడకుండానా?
– ఆరో తరగతి అమ్మాయి, గుంటూరు

జవాబు: మంచు కోసమే అని చాలామంది పెద్దవాళ్లు కూడా అనుకుంటారు కానీ కాదమ్మా. నిజానికి ఆ కప్పు వల్ల చలికాలంలో ఒక ఇబ్బంది కూడా ఉండేది. అక్కడ అప్పట్లో మంచు పడే రోజుల్లో చక్రాల బండ్లు పక్కన పెట్టేసి, మంచు మీద జారుకుంటూ పోయే బండ్లకి గుర్రాల్ని కట్టి తిరిగేవాళ్లు. వంతెన లోపల మంచు పడదు కదా, ఉత్త చెక్కల మీద ఆ బండి జారదు, అందుకని కూలీ ఇచ్చి మనుషుల్ని పెట్టి, బయటి మంచుని పారలతో ఎత్తిపోయించి వంతెన లోపల పరిపించేవాళ్లు! వినగానే నవ్వొస్తుంది కానీ ఇది నిజంగా జరిగేది.

మరి కప్పు ఎవరి కోసమంటే, వంతెన కోసమే. బండ్లు వెళ్లే నేల చెక్కలే బరువంతా మోస్తాయని మనకి అనిపిస్తుంది, కానీ అసలు మోసేది రెండు పక్కలా గోడల్లా నిలబడి ఉండే పెద్ద పెద్ద చెక్కల అల్లిక. దాన్ని ట్రస్ అంటారు. ఆ చెక్కలు ఒకదాన్నొకటి కలిసే అతుకుల్లోకి వాననీళ్లు దిగితే త్వరగా ఆరవు, ఆరకపోతే శిలీంధ్రం పట్టి చెక్క లోలోపలే పుచ్చిపోతుంది. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే మాత్రం ఆ శిలీంధ్రం పెరగలేదు. ఈసారి మీ అమ్మమ్మగారి ఊరు వెళ్తే చూడు, పెంకుటింట్లో కప్పు కింద ఉన్న దూలం ముత్తాతల నాటిదైనా రాయిలా ఉంటుంది, దొడ్లో వానకి నానుతూ పడి ఉన్న కట్టె నాలుగేళ్లకే వేలితో గుచ్చితే పొడి రాలుతుంది. తేడా అంతా తడిలోనే ఉంది.

ఫిలడెల్ఫియాలో స్కూకిల్ నది మీద టిమోతీ పామర్ అనే ఆయన కట్టిన వంతెనకి 1805లో కప్పు వేశారు, అమెరికాలో మొదటి కప్పు వంతెన అదేనని చెప్తారు. కప్పు వేయిద్దామన్నది ఆ వంతెన కంపెనీ అధ్యక్షుడైన జడ్జి రిచర్డ్ పీటర్స్. కప్పు లేకపోతే పది పన్నెండేళ్లు, ఉంటే 30, 40 ఏళ్లు ఉంటుందని పామర్ లెక్క వేశాడు. ఆయన ఎంత తక్కువ లెక్క వేశాడో చూడు, వెర్మాంట్‌లో ఇప్పటికీ 100కి పైగా కప్పు వంతెనలు ఉన్నాయి, వాటిలో 150 ఏళ్లు దాటినవి కూడా ఉన్నాయి! కప్పు, పక్క చెక్కలు, నేల చెక్కలు పాడైతే తీసేసి కొత్తవి వేసుకోవచ్చు, అది పెద్ద పని కాదు. ట్రస్ పుచ్చిపోతే మాత్రం వంతెనే పోతుంది, అందుకే దానికి గొడుగు పట్టారన్నమాట.

ప్రశ్న: గుర్రాలు నీళ్లు చూసి భయపడతాయని గోడలు కట్టారని మా టీచర్ చెప్పారు, నిజమేనా?
– అయిదో తరగతి అబ్బాయి, వరంగల్

జవాబు: చాలామంది అలాగే చెప్తారు నాన్నా. కింద నీళ్లు కనపడకపోతే పశువులు బెదరకుండా దాటే ఉంటాయి కూడా. అయితే అది కలిసొచ్చిన లాభం, గోడలు కట్టింది ఏటవాలుగా కొట్టే వానజల్లు ట్రస్‌కి తగలకుండా ఉండటానికి.

ప్రశ్న: మేము న్యూ హాంప్‌షైర్‌లో ఉంటాం. నాన్న మమ్మల్ని కార్నిష్–విండ్సర్ వంతెన చూపించడానికి తీసుకెళ్లారు. చెక్కతో కట్టింది కదా, అంత పొడవున్నా ఎందుకు కుంగిపోదు? పైగా అటువైపు వెర్మాంట్, ఇటువైపు మా రాష్ట్రం, మరి వంతెన ఎవరిది?
– ఎనిమిదో తరగతి అబ్బాయి, నాషువా

జవాబు: అబ్బాయి, నువ్వు చూసింది మామూలు వంతెన కాదు! 1866లో జేమ్స్ టాస్కర్, బేలా ఫ్లెచర్ అనే ఇద్దరు కలిసి 9,000 డాలర్లకి కట్టారు. పొడవు దాదాపు 450 అడుగులు, అంత పొడవుకీ ఏటి మధ్యలో ఉన్న రాతిస్తంభం ఒక్కటే.

కుంగకపోవడానికి కారణం త్రిభుజం. ఐస్‌క్రీమ్ పుల్లలు నాలుగు తీసుకుని మూలల్లో గుండుసూదులు గుచ్చి చదరం చెయ్యి, పక్కకి నెడితే ఒరిగిపోతుంది. మూడు పుల్లలతో త్రిభుజం చేసి నెట్టు, పుల్ల విరగాలే గానీ ఆకారం మారదు. ఇథియల్ టౌన్ అనే ఆర్కిటెక్ట్ 1820లో పేటెంట్ తీసుకున్న పద్ధతి కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది, మన పల్లెల్లో దడి అల్లినట్టు చెక్కల్ని ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టుకుంటూ పోతే గోడ నిండా త్రిభుజాలే వస్తాయి. చెక్కలు కలిసే చోట తొలిచి, ఓక్ చెక్కతో చేసిన లావుపాటి మేకులు దిగ్గొట్టేవాళ్లు. మరీ పెద్ద దూలాలు అక్కర్లేదు, ఊళ్లో వడ్రంగులే కట్టగలరు, అందుకే ఆ పద్ధతి అంతగా పాకిపోయింది. నువ్వు చూసిన వంతెనని ఆ పద్ధతినే కొంచెం మార్చి, ఇంకా లావు దూలాలతో కట్టారు. ఇండియా వచ్చినప్పుడు రాజమండ్రిలో గోదావరి మీద రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి చూడు, అది ఇనుము, ఇది చెక్క, కానీ త్రిభుజాలు మాత్రం అక్కడా కనిపిస్తాయి.

ద్వారం పైన బోర్డు చదివావా? గుర్రాల్ని నడిపించండి, లేకపోతే రెండు డాలర్ల జరిమానా అని ఉంటుంది. గుర్రాలు అడుగు కలిపి పరిగెడితే వంతెన ఊగుతుందని ఆ రూలు పెట్టారు. 1943 దాకా దాటడానికి సుంకం కూడా కట్టాల్సి వచ్చేది.

ఇక ఎవరిదంటావా, దాదాపు అంతా మీ న్యూ హాంప్‌షైర్‌దే. ఆ వంతెన కింద పారే కనెటికట్ నదికి పడమటి ఒడ్డే సరిహద్దని 1764లోనే ఇంగ్లండ్ రాజు ఆజ్ఞ ఇచ్చాడు, ఆ తర్వాత గొడవ వచ్చి సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1933లో, నీళ్లు తగ్గినప్పుడు వెర్మాంట్ వైపు కనిపించే అంచే హద్దని తేల్చారు.

ప్రశ్న: కప్పు వానని ఆపుతుంది సరే, వరదొస్తే?
– ఏడో తరగతి అమ్మాయి, విజయవాడ

జవాబు: మంచి ప్రశ్న తల్లీ, కృష్ణ ఒడ్డున ఉన్నదానివి కదా. వరద ముందు కప్పు ఏమీ చెయ్యలేదు. ఇందాక చెప్పిన కార్నిష్–విండ్సర్ ఉన్నచోటే అంతకుముందు 1796, 1824, 1828లలో కట్టిన మూడు వంతెనలూ వరదలకే పోయాయి. 2011 ఆగస్టు 28న ఐరీన్ తుఫాను వచ్చినప్పుడు వెర్మాంట్‌లో బార్టన్స్‌విల్ అనే చిన్న ఊళ్లో 1870లో కట్టిన వంతెన ఏట్లో కూలి కొట్టుకుపోయింది. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది. ఇనుముతోనో కాంక్రీటుతోనో సరిపెట్టేయకుండా ఆ ఊరివాళ్లు మళ్లీ చెక్కతోనే, అదే అల్లికతో, మళ్లీ కప్పు వేసి కట్టుకున్నారు. 2013 జనవరిలో దాని మీద రాకపోకలు మొదలయ్యాయి.

గుంటూరు అమ్మాయీ, మీ బాబాయి ఈసారి అటు వెళ్తే వంతెన లోపల నిలబడి ఆ చెక్క మేకుల్ని దగ్గరగా ఒక ఫోటో తియ్యమని చెప్పు. పంపిస్తే ఈ పేజీలో వేస్తాను.