ఒకరోజు జ్ఞాపకశక్తి, ఒకరోజు చిన్నపిల్లలు... మా అమ్మాయి సైకాలజీలో దేని మీద పరిశోధన చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి సైకాలజీలో పీజీ మొదటి సంవత్సరం చదువుతోంది. పీహెచ్‌డీ చేసి పరిశోధనలోనే స్థిరపడతానంటోంది. సైకాలజీ అంటే కౌన్సెలింగ్ ఒక్కటే అని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. దేని మీద పరిశోధన చేస్తావమ్మా అంటే ఒకరోజు జ్ఞాపకశక్తి అంటుంది, ఇంకోరోజు చిన్నపిల్లలు అంటుంది, మరోరోజు నేరస్థుల మనస్తత్వం అంటుంది. అసలు ఇందులో ఎన్ని విభాగాలున్నాయి? దేనికి భవిష్యత్తు ఉంది? తనకు లెక్కలంటే మొదటినుంచీ భయం. అది అడ్డవుతుందా?
- ఒక తండ్రి

జవాబు: మూడు రోజుల్లో మూడు మాటలు మార్చిందని దిగులు పడకండి. ఆమె చెప్పిన మూడింటినీ కలిపి పనిచేసినవాళ్లున్నారు. అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్ అనే పరిశోధకురాలు, జాన్ పామర్‌తో కలిసి 1974లో ఒక ప్రయోగం ప్రచురించారు. కార్లు ఢీకొన్న ఫిల్మ్ చూపించి, అవి ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. కొందరిని అడిగేటప్పుడు కార్లు ‘గుద్దుకున్నప్పుడు’ అన్నారు, ఇంకొందరిని అడిగేటప్పుడు ‘నుజ్జునుజ్జయినప్పుడు’ అన్నారు. మాట పెద్దదైన కొద్దీ చెప్పిన వేగమూ పెరిగింది. వారం తర్వాత మళ్లీ పిలిచి, పగిలిన గాజుముక్కలు చూశారా అని అడిగితే, పెద్ద మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలు మాట విన్న 50 మందిలో ఏడుగురే అలా అన్నారు. ఫిల్మ్‌లో గాజుముక్కలే లేవు! తర్వాత 1995లో ఆవిడే మరో సహచరురాలితో కలిసి, చిన్నప్పుడు మీరు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారట అని 24 మందికి జరగని సంగతి చెప్పి చూశారు. వాళ్లలో నాలుగో వంతు మంది అది తమకు పూర్తిగానో కొంతవరకో గుర్తుందన్నారు. జ్ఞాపకశక్తి, బాల్యం, కోర్టులో సాక్షి మాట... మూడూ ఇందులో ఉన్నాయి కదా. విభాగాల పేర్లు గది తలుపుల మీద తగిలించిన బోర్డుల్లాంటివి. ప్రశ్న వాటిని చూసి ఆగదు.

ఎన్ని విభాగాలని అడిగారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లోనే యాభైకి పైగా ఉన్నాయి. వాటన్నిటినీ ఏకరువు పెడితే మీకు గానీ మీ అమ్మాయికి గానీ ఒరిగేదేమీ లేదు. నేను విద్యార్థులకు వేరే రకంగా చెబుతాను: ఆ పరిశోధకుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని ఏం చేస్తాడో చూడండి. అంశం ఎంత అందంగా ఉన్నా, రోజూ చేసే పని నచ్చకపోతే రెండో ఏడాదికే పీహెచ్‌డీ మీద విరక్తి పుడుతుంది.

జ్ఞాపకశక్తి, ధ్యాస, చూపు, భాష, నిర్ణయాలు - వీటిని పరిశోధించేది కాగ్నిటివ్ సైకాలజీ. ఇక్కడి పని ఎక్కువగా కంప్యూటర్ తెర ముందే. ‘ఎరుపు’ అనే మాటను నీలిరంగు సిరాతో రాసి, ఇది ఏ రంగు సిరా అని అడిగితే మనిషి తడబడతాడు. చదవడమనే అలవాటు ముందుకొచ్చి అడ్డం పడుతుంది. జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో ప్రచురించిన ఈ చిన్న కిటుకు మీద నేటికీ ప్రయోగాలు సాగుతూనే ఉన్నాయి. అంతకు చాలా ముందే హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల ముక్కల్ని తానే బట్టీపట్టి, తానే మరిచిపోయి, ఎంత కాలానికి ఎంత మరుపు వస్తుందో లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడు. ప్రయోగం చేసిందీ ఆయనే, చేయించుకున్నదీ ఆయనే. ఇప్పుడు అదే ఓపికను ప్రోగ్రామింగ్ మీద చూపించాలి. తెర మీద బొమ్మ ఎన్ని మిల్లీసెకన్లు ఉండాలి, మీట నొక్కడానికి ఎంత సమయం పట్టింది - రోజంతా ఇదే. ఇలాంటి సూక్ష్మమైన పని ఇష్టమైనవాళ్లకు ఇది పండగ. లేనివాళ్లకు శిక్ష.

మెదడు వైపు వెళ్తే కథలు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి 1953లో మెదడులో కొంత భాగం తీసేశారు. ఆ తర్వాత అతనికి కొత్త సంగతులు గుర్తుండటం ఆగిపోయింది. బ్రెండా మిల్నర్ అతనికి ఒక పని ఇచ్చారు: అద్దంలో చూస్తూ నక్షత్రం అంచుల వెంట గీత గీయాలి. ముందు రోజు ఆ పని చేసినట్టే అతనికి గుర్తుండేది కాదు, కానీ చెయ్యి మాత్రం రోజురోజుకీ ఆ పనిలో ఆరితేరింది. జ్ఞాపకం ఒక్క ముద్ద కాదని, అందులో వేర్వేరు రకాలున్నాయని తేలడంలో ఈ కేసుది పెద్ద పాత్ర. ఇలాంటివి చదివి, స్కానర్‌లో మెరిసే రంగురంగుల మెదడు బొమ్మలు చూసి చాలామంది న్యూరోసైన్స్ అంటారు. ఆ రంగులు తీసిన ఫొటోలు కావని, వేల కొలతల మీద గణాంకాలు చేసి చివర్లో అద్దినవని తెలిశాక కొందరు మెల్లగా జారుకుంటారు.

మీ అమ్మాయి చిన్నపిల్లలు అన్నరోజు నిజంగా ఏమనుకుందో అడగండి. పిల్లలంటే ఇష్టం వేరు, పిల్లల మీద పరిశోధన వేరు. మాటలు రాని పసివాడు ఏమనుకుంటున్నాడో తెలుసుకునేదెలా? ఎటు చూస్తున్నాడు, ఎంతసేపు చూస్తున్నాడు, దేన్ని చూసి విసుగెత్తి తల తిప్పేశాడు అన్నదే ఆధారం. ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ 1960లో పాకే పిల్లల్ని ఒక గాజుపలక మీద ఉంచి, ఆ పలక కింద లోతుగా కనిపించే చోటికి పాకుతారో లేదో చూశారు. అమ్మ అవతలి వైపు నుంచి పిలుస్తున్నా చాలామంది రాలేదు. ఒక పేజీలో సరిపోయే ఈ ఫలితం వెనుక ఎంతమంది ఏడ్చి ఉంటారో, ఎంతమంది నిద్రపోయి ఉంటారో ఊహించుకోండి. ఈ రంగంలో రోజువారీ పని చాలావరకు వీడియో చూసి గుర్తులు పెట్టడం. అరగంట వీడియోకు అరపూట పట్టినా ఆశ్చర్యం లేదు. అదే వీడియోకు ఇంకొకరు విడిగా పెట్టిన గుర్తులు మీవాటితో కలవాలి కూడా. ఇక పిల్లల్ని ఏళ్ల తరబడి అనుసరించే అధ్యయనాలకు ఒక్క పీహెచ్‌డీ కాలం చాలదు. అప్పటికే నడుస్తున్నదాంట్లో చేరడమే దారి.

నేరస్థుల మనస్తత్వం గురించి సూటిగా చెప్పేస్తాను. సినిమాల్లో చూపించే, ఆనవాళ్లు చూసి హంతకుడి మనసు చదివేసే ఉద్యోగం కోసమైతే నిరాశ తప్పదు. ఫోరెన్సిక్ సైకాలజీలో అసలు ప్రశ్నలు వేరు: సాక్షి ఎప్పుడు పొరబడతాడు, చేయని నేరాన్ని మనిషి ఎందుకు ఒప్పుకుంటాడు, అనుమానితుల్ని వరసలో నిలబెట్టి చూపించే పద్ధతి ఎలా ఉంటే తప్పులు తగ్గుతాయి. నా మటుకు ఇవి ఆ సినిమా కథల కన్నా ఉత్కంఠగా ఉంటాయి.

చుట్టూ ఉన్నవాళ్ల ప్రభావంలో మనిషి ఎలా ప్రవర్తిస్తాడో చూసే సోషల్ సైకాలజీ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మీ ‘భవిష్యత్తు’ ప్రశ్నకు జవాబులో సగం ఇక్కడుంది. ఈ రంగంలో పేరుమోసిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. పై అధికారి చెప్పాడని మనిషి ఎదుటివాడికి ఎంత బాధ కలిగించగలడో స్టాన్లీ మిల్గ్రామ్ 1963లో చూపించాడు. ఎదుటివాడికి అంతకంతకూ పెద్ద కరెంటు షాక్ ఇచ్చే మీటలు నొక్కమంటే, 40 మందిలో 26 మంది చివరి మీట దాకా నొక్కారు. అవతలివాడికి నిజంగా షాక్ తగలడం లేదని వాళ్లకు తెలియదు. ఈనాడు ఏ ఎథిక్స్ కమిటీ కూడా అదే ప్రయోగాన్ని యథాతథంగా చేయనివ్వదు. అయితే 2015లో ఇంకో కుదుపు వచ్చింది. వందలమంది పరిశోధకులు కలిసి, అప్పటికే ప్రచురితమైన 100 అధ్యయనాల్ని మళ్లీ చేసి చూశారు. మొదటిసారి 97 శాతం వాటిల్లో గణాంకపరంగా గట్టి ఫలితం ఉంటే, రెండోసారి 36 శాతం వాటిల్లోనే వచ్చింది. సోషల్ సైకాలజీలో అది ఇంకా తక్కువ, కాగ్నిటివ్‌లో కాస్త మెరుగు. తినుబండారం ముందు పెట్టి, కాసేపు ఆగితే రెండిస్తామని పిల్లల్ని పరీక్షించిన వాల్టర్ మిషెల్ ప్రయోగం ఉంది కదా, ఆగినవాళ్లు పెద్దయ్యాక చదువులో రాణిస్తారని అందరూ చెప్పుకునేది. 2018లో 900కు పైగా పిల్లల సమాచారంతో చూస్తే ఆ సంబంధం మొదట చెప్పినదాంట్లో సగమే ఉందని తేలింది. కుటుంబ నేపథ్యం లాంటివి లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండు వంతులు కరిగిపోయింది.

ఇది విని రంగం కూలిపోతోందని భయపడే తల్లిదండ్రుల్ని చూశాను. నేను దీన్ని తిరగేసి చూస్తాను. పాత ఇంటిని విప్పి మళ్లీ కడుతున్నప్పుడే కదా మేస్త్రీల అవసరం ఎక్కువ. ఏం తేలుతుందనుకుంటున్నారో (పరికల్పనను) ముందే నమోదు చేసి ప్రయోగం మొదలుపెట్టడం, డేటా అందరికీ తెరిచి పెట్టడం, చాలా ప్రయోగశాలలు కలిసి ఒకే ప్రయోగం చేయడం - ఇవన్నీ ఇప్పుడిప్పుడే అలవాటవుతున్న పద్ధతులు. వాటిని మొదటినుంచీ నేర్చుకుని వచ్చేవాళ్లకు విలువ ఉంది. ఇంకొకటి కూడా. జోసెఫ్ హెన్రిక్, మరో ఇద్దరు 2010లో రాసిన వ్యాసంలో, మనిషి స్వభావం గురించి చెబుతున్నదాంట్లో చాలా భాగం పాశ్చాత్య సంపన్న దేశాల్లోని చదువుకున్నవాళ్ల మీద, అందులోనూ ఎక్కువగా కాలేజీ విద్యార్థుల మీద చేసిన పరీక్షల నుంచి వచ్చిందని ఎత్తిచూపారు. ఇంగ్లిష్ కాని భాషల్లో, కాలేజీ మెట్లెక్కని మనుషులతో చేయాల్సిన పని కొండంత మిగిలి ఉంది.

మానసిక సమస్యలకు చికిత్స చేసే క్లినికల్ వైపు, కౌన్సెలింగ్ ద్వారా మీకు కొంత పరిచయం ఉన్నదే కాబట్టి ఒక్క తేడా చెప్పి వదిలేస్తాను. ఎదురుగా కూర్చున్న మనిషికి చికిత్స చేయడం ఒక పని. ఏ చికిత్స ఎవరికి, ఎందుకు పనిచేస్తోందో, మానేశాక ఎన్నాళ్లు నిలుస్తోందో తేల్చడం ఇంకొక పని. రెండూ చేసేవాళ్లున్నారు, కానీ శిక్షణ వేర్వేరు. ప్రాక్టీస్ చేయాలంటే లైసెన్స్ నిబంధనలుంటాయి, వట్టి రీసెర్చ్ డిగ్రీతో ఆ హక్కు దానంతట అది రాదు. చేరేముందే కనుక్కోవాలి.

మీ అమ్మాయి జాబితాలో లేనిది ఒకటి నేను చేరుస్తాను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బీ-17 విమానాలు క్షేమంగా నేల మీద దిగాక, పైలట్లు రెక్కల వెనక అంచున కిందికి దించే పలకల్ని (ఫ్లాప్స్) ముడవబోయి చక్రాలు ముడిచేసేవారు. విమానం బోర్లా పడేది. అందరూ పైలట్ తప్పు అన్నారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్ట్ లోపలికెళ్లి చూస్తే ఆ రెండు మీటలూ పక్కపక్కనే ఉన్నాయి, చూడ్డానికీ ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకు చక్రం ఆకారం, ఫ్లాప్స్ మీటకు ఇంకో ఆకారం పెడితే చేతికే తేడా తెలిసిపోతుందన్నాడు. హ్యూమన్ ఫ్యాక్టర్స్ అనే ఈ రంగం ఇప్పుడు వైద్య పరికరాల్లో, కారు డ్యాష్‌బోర్డుల్లో, ఫోన్ యాప్‌లలో ఉంది. యూనివర్సిటీ బయట ఉద్యోగాలు దొరికే దారుల్లో ఇదొకటి. సంస్థల్లో ఉద్యోగుల ఎంపిక, పనితీరు గురించి పరిశోధించే ఇండస్ట్రియల్ సైకాలజీ ఇంకొకటి. తరగతిలో ఎవరూ వీటి పేరెత్తకపోవడం వల్ల పిల్లలకు తెలియడం లేదంతే.

ఇక లెక్కల భయం. దీన్ని దాటకుండా పక్కనుంచి పోయే దారి లేదు. కానీ భయపడుతున్నది దేనికో చూడాలి. ఇక్కడ కావలసింది స్టాటిస్టిక్స్. సూత్రాలు బట్టీపట్టే లెక్క కాదది, ‘ఈ తేడా యాదృచ్ఛికంగా వచ్చి ఉండవచ్చా?’ అని అనుమానించే అలవాటు. లెక్కల్లో అత్తెసరు మార్కులు వచ్చినవాళ్లు కూడా, సొంతంగా సేకరించిన డేటా చేతికొచ్చాక పట్టుబట్టి నేర్చుకోవడం చూశాను. పరీక్షలు, ప్రశ్నావళులు తయారుచేసే సైకోమెట్రిక్స్ మాత్రం నిజంగా గణితం కోరుతుంది, దాన్ని పక్కన పెట్టవచ్చు. లెక్కల నుంచి తప్పించుకోవడానికి ఇంటర్వ్యూలతో చేసే గుణాత్మక పరిశోధన ఎంచుకుంటానంటే వద్దనండి. గంట ఇంటర్వ్యూను అక్షరం వదలకుండా రాయడం, వాక్యం వాక్యం విడదీసి అర్థాలు పట్టడం తేలిక పనేం కాదు. దాన్ని ప్రేమించి చేసేవాళ్లు వేరే ఉన్నారు.

ఏ విభాగానికి భవిష్యత్తు ఉందో జోస్యం చెప్పను. ఆమె పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి గిరాకీ ఎటు తిరుగుతుందో ఎవరు చూడొచ్చారు? ప్రయోగాన్ని పకడ్బందీగా కట్టడం, డేటా శుభ్రం చేయడం, కోడ్ రాయడం, స్పష్టంగా రాయడం వస్తే విభాగం మారినా అవి వెంట వస్తాయి. అంశం కన్నా గైడ్ ముఖ్యం అని కూడా చెప్పాలి. ఆయన దగ్గర చదువుతున్నవాళ్లను విడిగా కలిసి, మీ ఫైల్ చదవడానికి సార్‌కు ఎన్నాళ్లు పడుతుంది అని అడిగితే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది.

ఈ సెలవుల్లో మీ అమ్మాయి చేత ఒక పని చేయించండి. తాను చెప్పిన మూడు అంశాల్లో ఒక్కోదాని మీద రెండేసి పరిశోధనా వ్యాసాలు తెచ్చుకోమనండి. ముందుమాట, ముగింపు వదిలేసి, మధ్యలో పద్ధతి వివరించే భాగం ఒక్కటే చదవమనండి. ఎవరిని పిలిచారు, ఏం చూపించారు, ఎన్నిసార్లు, ఏం కొలిచారు అన్నది అక్కడే ఉంటుంది. చదువుతుంటే ‘ఇది నేనైతే ఇలా కాకుండా అలా చేసేదాన్ని’ అని దేని దగ్గర అనిపించిందో అంచున పెన్సిల్‌తో రాసుకోవాలి. తర్వాత కాలేజీలో ఎవరి ప్రాజెక్టులోనైనా రెండు నెలలు సహాయకురాలిగా చేరాలి, డేటా ఎంట్రీ అయినా సరే. నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి నేరస్థుల మనస్తత్వమే కావాలని పట్టుబట్టాడు. అప్పటికి ఖాళీ ఉన్నది చదివేటప్పుడు కళ్ల కదలికలు నమోదు చేసే ప్రాజెక్టు ఒక్కటే కావడంతో, అయిష్టంగానే అందులో చేరాడు. మూడో వారంలో ఫోన్ చేసి, మనిషి చదివేటప్పుడు చూపు వెనక్కి ఎందుకు దూకుతుందో మీకు తెలుసా సార్ అని అడిగాడు. నేరస్థుల ఊసు మళ్లీ ఎత్తలేదు.