రోగి రికార్డుల మధ్య లింకులకు టైపులు ఎలా రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఒక చిన్న ఆసుపత్రికి టైప్‌స్క్రిప్ట్‌లో (డేటా రూపాన్ని 'టైపు'గా ముందే రాసిపెట్టే ప్రోగ్రామింగ్ భాష) సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. రోగి, ఓపీ విజిట్, ల్యాబ్ ఫలితం, మందుల చీటీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. రేపు ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో (ఆరోగ్య రికార్డులను ఆసుపత్రుల మధ్య పంచుకునే కేంద్ర ప్రభుత్వ వ్యవస్థ) కలపాల్సి వస్తుంది కనుక ఇప్పటి నుంచే ఫైర్ (FHIR) అనే ఆరోగ్య డేటా మార్పిడి ప్రమాణాన్ని అనుసరించాలనుకుంటున్నారు. రోగి టైపు లోపలే విజిట్లూ రిపోర్టులూ పెట్టేయాలా, ఐడీలు పెట్టుకుంటే చాలా, సిద్ధంగా దొరికే టైపులు వాడుకోవచ్చా అని అడిగారు.

నేను తిరుపతిలో నర్సింగ్‌హోమ్‌లకూ డయాగ్నస్టిక్ ల్యాబులకూ ఇదే పని చేస్తుంటాను. మీ మొదటి రెండు దారుల్లో ఏదీ వద్దని నా సలహా. లింకునే ఒక టైపుగా నిర్వచించండి. రోగికీ రిపోర్టుకూ ఎంత శ్రద్ధగా టైపు రాస్తారో, వాటిని కలిపే లింకుకూ అంత శ్రద్ధగా రాయండి.

లోపల పెట్టడం ఎందుకు వద్దంటున్నానో ముందు చెబుతాను. రోగిలో విజిట్ల జాబితా, విజిట్‌లో రిపోర్టుల జాబితా, రిపోర్టులో ఫలితాలు అంటూ పోతే మొదట్లో హాయిగానే ఉంటుంది. కానీ అప్పుడు ప్రతి రక్తపరీక్షకూ రోగి రికార్డు మారినట్టే లెక్క. కౌంటర్‌లో ఒకరు ఫోన్ నంబరు సరిదిద్దుతున్న సమయంలోనే ల్యాబులో మరొకరు ఫలితం ఎక్కిస్తుంటారు, ఇద్దరూ ఒకే రికార్డు మీద పడతారు. ఫైర్‌లో దిశ దీనికి ఎదురు. అబ్జర్వేషన్, అంటే ఒక్కో పరీక్ష ఫలితం, తన రోగి ఎవరో తన విజిట్ ఏదో తానే చెబుతుంది. పేషెంట్ రికార్డులో ఫలితాల ఊసే ఉండదు. ఫలానా రోగి ఫలితాలు కావాలంటే వెతికి తెచ్చుకోవాలి. డయాగ్నస్టిక్ రిపోర్టు మాత్రం తన కింద ఉన్న ఫలితాలను చూపిస్తుంది, ఏయే ఫలితాలు కలిపి ఒక రిపోర్టుగా ఇచ్చారో అది చెప్పాలి కాబట్టి. ఈ దిశలను మీ టైపుల్లో తిరగేయకండి.

ఇక ఉత్త ఐడీల సంగతి. ఐడీలన్నీ స్ట్రింగులే అయితే, మందులు రాసిన వైద్యుడి ఫీల్డులో రోగి ఐడీ పెట్టినా కంపైలర్, అంటే కోడును తనిఖీ చేసే ప్రోగ్రామ్, పలకదు. రెంటినీ వేర్వేరు బ్రాండెడ్ టైపులు (లోపల స్ట్రింగే అయినా ఒకదాని చోట ఇంకొకటి చెల్లకుండా ముద్ర వేసినవి) చేస్తే ఆ పొరపాటు ఆగుతుంది. కానీ అసలు చిక్కు అది కాదు. మన దగ్గర ఐడీయే లేని లింకులు చాలా ఉంటాయి.

చిత్తూరు వైపు నుంచి వచ్చే రోగుల సంగతే చూడండి. పెద్ద జబ్బులకు చాలామంది వేలూరు వెళ్తారు, తర్వాత చూపించుకోవడానికి తిరుపతి వస్తారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. ఒక ల్యాబ్ రిపోర్టు మీద అక్కడి ఆసుపత్రి నంబరు ఉంటుంది. ఇంకో చీటీ మీద డాక్టరు పేరు, సంతకం తప్ప మరేమీ ఉండదు. ఆ డాక్టరు మన డేటాబేస్‌లో లేరు. 'వైద్యుడి ఐడీ తప్పనిసరి' అని మీరు రాసి పెడితే, కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి ఏం చేస్తుంది? జాబితాలో మొదట కనిపించిన డాక్టరును ఎంచుకుంటుంది. ఆమెను తప్పుపట్టలేం, మన టైపు ఆమెకు వేరే దారి ఇవ్వలేదు.

ఫైర్‌లోని రిఫరెన్సు టైపు ఈ పరిస్థితి కోసమే ఉంది. దానిలో లక్ష్యాన్ని చెప్పే దారులు మూడు: సర్వర్‌లో ఉన్న రికార్డు చిరునామా, బయటి సంస్థ ఇచ్చిన గుర్తింపు సంఖ్య, ఉత్త పేరు. ప్రమాణంలో ఇవన్నీ ఆప్షనల్ ఫీల్డులు. మీ కోడులో మాత్రం వీటిని మూడు రకాల యూనియన్‌గా, అంటే మూడింటిలో ఏదో ఒకటి అయ్యే టైపుగా, రాయండి. 'మన రికార్డు' అయితే బ్రాండెడ్ ఐడీ తప్పనిసరి. 'బయటి గుర్తింపు' అయితే సంఖ్యతో పాటు అది ఎవరిచ్చారో చెప్పే సిస్టమ్ తప్పనిసరి, ఎందుకంటే ఒకే ఓపీ నంబరు పది ఆసుపత్రుల్లో ఉంటుంది. 'పేరు మాత్రమే' అయితే కాగితం మీద ఉన్న పేరు ఉన్నట్టుగా. దీన్ని జెనరిక్ చేసి, లక్ష్యం ఏ రకం రికార్డో పారామీటర్‌గా ఇవ్వండి. అప్పుడు 'వైద్యుడికి లింకు', 'విజిట్‌కు లింకు' వేర్వేరు టైపులవుతాయి. ఎవరైనా లింకును వాడబోతే మూడు సందర్భాలనూ ఆలోచించక తప్పదు.

నాలుగో రకం ఒకటి ఉంది, అది బయటి నుంచి డేటా తెచ్చుకున్న రోజు ఎదురవుతుంది. డిజిటల్ మిషన్‌లో రికార్డులు ఒక డాక్యుమెంట్ బండిల్‌గా, అంటే ఒకే మూటగా, వస్తాయి. మొదట కాంపోజిషన్ (ఆ డాక్యుమెంట్‌లో ఏమేమి ఉన్నాయో చెప్పే రికార్డు) ఉంటుంది, వెనుక రోగి, విజిట్, ఫలితాలు వరుసగా ఉంటాయి. వాటి మధ్య లింకులను ఆ బండిల్‌లోని పూర్తి చిరునామాలతోనే సరిపోల్చుకోవాలి. అవతలి ఆసుపత్రి పంపిన 'పేషెంట్ 1' వేరు, మీ డేటాబేస్‌లోని 'పేషెంట్ 1' వేరు. రెండూ చూడటానికి ఒకే స్ట్రింగు. అందుకే బండిల్‌లోని లింకుకు వేరే టైపు పెట్టి, దాన్ని మన లింకుగా మార్చే ఫంక్షన్ ఒక్కటే ఉండేట్టు చూడండి. రోగిని మన రికార్డుతో పోల్చి ఖాయం చేసుకునే పని అక్కడే జరగాలి. ఒకరి రక్తపరీక్ష ఇంకొకరి ఖాతాలో పడేందుకు ఇంతకంటే సులువైన దారి లేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

లింకు పట్టుకుని వెళ్తే వచ్చే జవాబుకు కూడా టైపు ఉండాలి. చాలామంది 'రికార్డు లేదా నల్ (ఏమీ లేదు)' అని రాసి ఊరుకుంటారు. డిజిటల్ మిషన్‌లో రోగి ఇచ్చే సమ్మతికి తేదీల పరిధి ఉంటుంది, ఏ రకం రికార్డులు చూడవచ్చో కూడా ఉంటుంది. సమ్మతి పరిధి బయట ఉన్న రిపోర్టు మనకు కనబడదు. దాన్ని నల్‌గా చూపితే తెర మీద 'పరీక్షలు చేయలేదు' అని వస్తుంది, డాక్టరు అదే నిజమనుకుంటారు. కాబట్టి జవాబును దొరికింది, మన దగ్గర లేదు, చూసే అనుమతి లేదు, తొలగించారు అని విడివిడిగా రాయండి. తెర మీద మాటలు కూడా వేర్వేరుగా ఉండాలి.

ఒకే మనిషికి రెండు రికార్డులు రావడం మన వైపు రోజూ ఉండేదే. ఇంటిపేరు ముందు పెట్టేవారు, తమిళ పద్ధతిలో తండ్రి పేరు పొడి అక్షరం పెట్టుకునేవారు, ఒక చీటీలో పొడి అక్షరం ఉండి మరో చీటీలో లేనివారు అందరూ ఒకే వరుసలో నిలబడతారు. పేరును ఇంటిపేరు, సొంత పేరు అని బలవంతంగా విడగొట్టకండి. ఫైర్ పేరు టైపులో పూర్తి పేరును ఉన్నదున్నట్టు రాసే టెక్స్ట్ ఫీల్డు ఉంది, దాన్ని తప్పనిసరి చేసి మిగతావి ఆప్షనల్‌గా ఉంచండి. ఇద్దరూ ఒకరే అని తేలినప్పుడు ఒక రికార్డును చెరిపేయకూడదు. పేషెంట్‌లోనే ఇంకో పేషెంట్‌కు లింకు పెట్టే వీలుంది, 'దీని స్థానంలో అది వచ్చింది' అని దానికి రకం రాయవచ్చు. పాత చీటీ తెచ్చినా కొత్త రికార్డుకు చేరాలి.

ఇప్పుడు ఫలితం విలువ దగ్గరికి వద్దాం. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్ల రిపోర్టులు చూసినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. ఒక ల్యాబు 1.2 అని వేసి పక్కన లక్షలు అంటుంది. ఇంకొకటి 120 అని వేసి మైక్రోలీటరుకు వేలలో అంటుంది. మూడోది 1,20,000 అని వేస్తుంది. ముగ్గురూ చెప్పింది ఒకటే. మీ మోడల్లో విలువ ఉత్త నంబరు అయితే, నిన్న 1,20,000, ఇవాళ 118 అని గ్రాఫు గీస్తుంది. యూనిట్ లేని సంఖ్య మీ టైపుల్లో పుట్టే వీలే ఉండకూడదు. ప్లేట్‌లెట్లకు లోయింక్ (పరీక్షల పేర్లకు అంతర్జాతీయ కోడ్‌లు) కోడ్ 777-3, యూనిట్‌కు యూకమ్ (కొలమానాలకు అలాంటి కోడ్‌లు) కోడ్ పెట్టి, డేటా లోపలికి వచ్చే చోటే ఒకే యూనిట్‌కు మార్చండి. ల్యాబు అచ్చువేసిన మాటను కూడా పక్కనే దాచండి, అనుమానం వస్తే చూసుకోవడానికి.

అదే విధంగా థైరాయిడ్ రిపోర్టులో టీఎస్‌హెచ్ '0.005 కంటే తక్కువ' అని వస్తుంది. ఆ 'కంటే తక్కువ' విలువలో భాగం. ఫైర్‌లో సంఖ్యనూ యూనిట్‌నూ కలిపి రాసే క్వాంటిటీ టైపులో దానికి వేరే ఫీల్డు ఉంది, దాన్ని వదిలేసి 0.005 ఒక్కటే దాచుకుంటే యంత్రం కొలవలేనంత తక్కువ అన్న సమాచారం పోతుంది.

అబ్జర్వేషన్ విలువకు ఫైర్ ఆర్4 వెర్షన్‌లో 11 రూపాలున్నాయి: క్వాంటిటీ, స్ట్రింగు, కోడ్, నిజం-అబద్ధం, కాలవ్యవధి వగైరా. వీటిలో ఒక్కటే ఉండాలి. 11 ఆప్షనల్ ఫీల్డులుగా రాస్తే రెండు నింపినా కంపైలర్ ఒప్పుకుంటుంది, యూనియన్‌గా రాస్తే ఒప్పుకోదు. ఇంకో కొమ్మ కూడా చేర్చండి: విలువ లేదు, ఎందుకు లేదో కారణం ఉంది. శాంపిల్ గడ్డకట్టి పరీక్ష జరగలేదంటే అది సున్నా కాదు, ఖాళీ కూడా కాదు. విలువా కారణమూ రెండూ ఉండకూడదన్నది ప్రమాణంలోనే ఉన్న నియమం.

ఏది మూసిన జాబితాగా రాయాలి, ఏది తెరిచి ఉంచాలి? దీనికి ఫైర్‌లోని బైండింగ్ బలం, అంటే ఒక ఫీల్డులో ఇచ్చిన కోడ్‌ల జాబితాను ఎంత కచ్చితంగా పాటించాలో చెప్పే గుర్తు, చూడండి. 'రిక్వైర్డ్' అని ఉన్నవాటిని లిటరల్ యూనియన్‌గా (అనుమతించిన మాటలనే ఒక్కొక్కటిగా రాసిన టైపు) మూసేయవచ్చు. ఫలితం స్థితి అలాంటిదే: ప్రాథమికం, తుది, సరిదిద్దినది, పొరపాటున ఎక్కించినది వగైరా. స్విచ్‌లో ఒక్క స్థితి మరిచినా కంపైల్ కాకుండా చేయండి. పొరపాటున ఎక్కించిన ఫలితం తుది ఫలితంలా తెర మీద కనిపిస్తే, దాన్ని చూసి రాసిన మందు మోతాదు ఎవరి శరీరంలోకి వెళ్తుందో ఆలోచించండి. మిగతా బలాలున్న చోట సిస్టమ్, కోడ్, పేరు ఉన్న తెరిచిన టైపే మేలు. జిల్లా పేరును ఈనమ్‌గా, అంటే మార్చలేని మూసిన జాబితాగా, రాయడం చాలా కోడుల్లో చూశాను. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. శ్రీకాళహస్తి రోగి పాత రికార్డు చిత్తూరు జిల్లా అంటుంది, కొత్తది తిరుపతి జిల్లా అంటుంది, రెండూ ఆయా తేదీలకు సరైనవే. చిరునామా టైపులో కాలవ్యవధి ఫీల్డు ఉంది, వాడుకోండి. ప్రభుత్వం మార్చగలిగేది మీ కోడులో గట్టిపడకూడదు.

పుట్టిన తేదీ గురించి ఒక్క మాట. ఫైర్ తేదీలో సంవత్సరం మాత్రమే, లేదా సంవత్సరం-నెల మాత్రమే రాయవచ్చు. దాన్ని భాషలోని తేదీ టైపులోకి తోస్తే ఊళ్లోని పెద్దలందరూ జనవరి 1నే పుట్టినట్టవుతుంది. ఎంతవరకు తెలుసో అంతే దాచే టైపు రాసుకోండి.

సిద్ధంగా దొరికే టైపుల సంగతి: ఉన్నాయి, వాడండి, కానీ గుమ్మం దగ్గరే, అంటే డేటా లోపలికి వచ్చే, బయటికి వెళ్లే చోటే. టైప్‌స్క్రిప్ట్‌లో ఫైర్ కోసం అందరూ వాడే టైపుల ప్యాకేజీ ప్రమాణాన్ని ఉన్నదున్నట్టు రాస్తుంది, అంటే దాదాపు అన్నీ ఆప్షనలే. మెడ్‌ప్లమ్ (ఫైర్ మీద కట్టిన ఓపెన్‌సోర్స్ ప్లాట్‌ఫామ్) వారి టైపుల్లో రిఫరెన్సు జెనరిక్‌గా ఉంటుంది, కొంత నయం. లోపల తిరిగే టైపులు మాత్రం పైన చెప్పినట్టు మీవే ఉండాలి. టైప్‌స్క్రిప్ట్ టైపులు నడిచే సమయానికి ఉండవు కాబట్టి, వచ్చే జేసన్ (JSON) డేటాను జోడ్ (Zod) లాంటి తనిఖీ లైబ్రరీతో పరీక్షించి, పాసైనదాన్నే మీ టైపులోకి మార్చండి. పాసవనిదాన్ని పారేయకుండా ఒక పక్క నిలిపి మనిషికి చూపించండి.

బయటికి పంపేటప్పుడు పూణే సీ-డాక్‌లోని ఎన్‌ఆర్‌సీఈఎస్ (ఆరోగ్య రికార్డుల ప్రమాణాల జాతీయ కేంద్రం) ప్రచురించిన భారతీయ ప్రొఫైళ్లు, అంటే ఫైర్‌కు మన దేశ నియమాలు, వర్తిస్తాయి, అవి మూల ప్రమాణం కంటే కఠినం. ఫైర్‌ను తయారుచేసిన సంస్థ హెచ్‌ఎల్‌7 వారి వ్యాలిడేటర్‌కు ఆ ప్యాకేజీ ఇచ్చి ప్రతి బండిల్‌నూ మీ టెస్టుల్లోనే పరీక్షించుకోవచ్చు. ఆభా నంబరు (డిజిటల్ మిషన్‌లో రోగికి ఇచ్చే ఆరోగ్య ఖాతా సంఖ్య) 14 అంకెలైనా సంఖ్యగా దాచకండి, సిస్టమ్‌తో కూడిన గుర్తింపు టైపులో టెక్స్ట్‌గా పెట్టండి. మొదట రోగి, విజిట్, ఫలితం, డయాగ్నస్టిక్ రిపోర్టు ఈ నాలుగింటితో లింకు టైపును నడిపి చూడండి. మందుల చీటీ ఆ తర్వాత చేర్చవచ్చు, దానికి మోతాదుల టైపు విడిగా ఒక పెద్ద పని. అక్కడ ఎక్కడైనా చిక్కుకుంటే మీ టైపు నిర్వచనం ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.