రేడియోలో ఊ కొట్టేదెవరు?

అమ్మాయీ,

నీ ఉత్తరమూ, మీ లోకల్ రేడియోలో పిల్లల కథల కార్యక్రమం కోసం నువ్వు రాసిన మొదటి స్క్రిప్టూ అందాయి. ముందు మనసులో చదువుకున్నాను, బాగుందనిపించింది. తర్వాత పైకి చదివాను. మూడో వాక్యానికే ఊపిరి చాల్లేదు. అందుకే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

ఇంట్లో కథ చెబుతుంటే ఎదురుగా పిల్లాడు ఊ కొడుతుంటాడు. ఊ ఆగిపోతే నిద్రపోయాడనో, భయపడ్డాడనో, అర్థం కాలేదనో తెలిసిపోతుంది. చెప్పేవాళ్లు దాన్ని బట్టే కథను సాగదీస్తారు, కుదిస్తారు, పులిని కాసేపు అడవిలోకి పంపేస్తారు. రేడియోలో ఆ ఊ నీకు వినబడదు. కానీ నువ్వు చోటిస్తే పిల్లలు అక్కడ కూడా ఊ కొడతారు. రేడియోకి కథ రాయడమంటే ఆ చోటు ముందే చూసిపెట్టడం. నా దృష్టిలో మిగతావన్నీ దీని తర్వాతే.

నీ వాక్యమే తీసుకుందాం. "దట్టమైన అడవి మధ్యలో వెన్నెలకు మెరిసే చెరువు గట్టున పాడుబడ్డ కోటలో ఉంటున్న రాక్షసుడి చేతికి చిక్కిన రాకుమారి ఏడుస్తోంది." పుస్తకంలో దీనికి వంక పెట్టడానికి లేదు. అర్థం కాకపోతే కన్ను వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటుంది. చెవికి ఆ వీలు లేదు. పైగా మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. అది వచ్చేదాకా పిల్ల అడవినీ చెరువునూ కోటనూ రాక్షసుణ్ణీ గుర్తుపెట్టుకుని కూర్చోవాలి. అదే ఇలా చెప్పి చూడు: "ఒక అడవి. ఆ అడవిలో ఒక చెరువు. ఆ చెరువు గట్టున ఒక కోట. ఆ కోటలో ఎవరున్నారు?" ఇక్కడ ఆగు. ఊరికే కామా పెట్టినట్టు కాదు, రెండు ఊపిర్లు తీసుకునేంతసేపు. స్టూడియోలో ఆ నిశ్శబ్దం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, టెన్షన్ వస్తుంది, ఏదో ఒకటి అనేయాలనిపిస్తుంది. అనకు. అవతల ఏ ఇంట్లోనో ఒక పిల్ల "రాక్షసుడు!" అని అరవడానికి ఆ కాస్త సమయం కావాలి.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేం కాదు. ఏడు చేపల కథ చూడు. చేపా చేపా ఎందుకెండలేదు అని అడగ్గానే ఒక జవాబు, ఆ జవాబులోంచే ఇంకో ప్రశ్న. చీమ దాకా అలా వెళ్తూనే ఉంటాం. ప్రతి ప్రశ్న దగ్గరా పిల్లలు నోరు తెరవడానికి తయారుగా ఉంటారు, ఎందుకంటే జవాబు వాళ్లకు ముందే తెలుసు. తెలిసిన జవాబు చెప్పడంలో ఉన్న సంతోషం కొత్త విషయం వినడంలో ఉన్నదానికన్నా తక్కువేం కాదు. అందుకే వచ్చిన మాటే మళ్లీ వచ్చిందని కొట్టేయకు. నీ స్క్రిప్టులో రాకుమారుడు మూడు తలుపులు తెరుస్తాడు. రెండోదానికి "అలాగే", మూడోదానికి "మళ్లీ" అని రాసి దాటేశావు. మూడుసార్లూ అదే మాటలతో తెరిపించు. మూడోసారి నువ్వు సగం మాటలో ఆగితే మిగతా సగం వాళ్లే చెప్పుకుంటారు.

డెన్మార్క్ పండితుడు ఆక్సెల్ ఓల్రిక్ జానపద కథల నడకను గమనించి 1909లో అచ్చయిన వ్యాసంలో కొన్ని సూత్రాలు చెప్పాడు. ఒక ఘట్టంలో ఒకేసారి ఇద్దరికి మించి పాత్రలు ఎదురుపడవు. సంఘటనలు మూడేసి సార్లు జరుగుతాయి. కథ హఠాత్తుగా మొదలవదు, హఠాత్తుగా ముగియదు. ఆయన రేడియో కోసం చెప్పలేదు గానీ రేడియోకి ఇంతకన్నా పనికొచ్చే పాఠం నాకు కనబడలేదు. నీ దర్బారు ఘట్టంలో ఐదుగురు మాట్లాడుతున్నారు. ఒక్క గొంతుతో ఐదుగుర్ని పలికిస్తే ఎవరు ఎవరో పిల్లలకు తెలియదు. రాజునూ మంత్రినీ ఉంచి మిగతావాళ్లని బయటికి పంపెయ్.

ఇంకొకటి. మధ్యలో రేడియో పెట్టేవాళ్లుంటారు. అన్నం తిని వచ్చినవాళ్లు, అప్పుడే బడి నుంచి వచ్చినవాళ్లు. ఏడు చేపల కథ లాంటి గొలుసు కథల్లో జరిగిందంతా మాటిమాటికీ వస్తుంది కాబట్టి ఆలస్యంగా వచ్చినవాళ్లు కూడా అందుకుంటారు. మామూలు కథలో ఆ పని నువ్వే చేయాలి. "ఇప్పటిదాకా ఏం జరిగిందంటే" అని కథ ఆపి చెప్పక్కర్లేదు. ఏ కుందేలో అడిగితే రాకుమారి తన కష్టం చెప్పుకుంటుంది, అంతే.

భయం సంగతి అడిగావు. రాక్షసుణ్ణి తీసేయమని నేను చెప్పను. రేడియోలో రాక్షసుడు ఎవరికి వాళ్లు ఊహించుకున్నంతే ఉంటాడు, పిల్లలు తమకు చాలినంత రాక్షసుణ్ణే తయారుచేసుకుంటారు. కానీ నీకు వాళ్ల ముఖం కనబడదు కదా, అందుకని రెండు జాగ్రత్తలు. పిల్ల రాక్షసుడి గుప్పిట్లో ఉండగా "మిగతా వచ్చే వారం" అనకు. వారం రోజులు ఆ పిల్లని అక్కడే వదిలేసినట్టవుతుంది. తప్పించుకుని, ఇల్లు చేరి, తలుపు తీస్తే లోపల ఏదో మెరుస్తోంది అన్నచోట ఆపు. ఏమై ఉంటుందా అని ఎదురుచూస్తారు గానీ రాత్రిళ్లు ఉలిక్కిపడరు.

రెండోది నీ కథలోని దుష్ట సవతి తల్లి గురించి. జర్మనీలో జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు 1812లో వేసిన మొదటి సంపుటంలో స్నో వైట్‌ని చంపించాలని చూసింది కన్నతల్లే. తర్వాతి ముద్రణలో ఆమెను సవతి తల్లిగా మార్చారు. అంటే ఆ దుర్మార్గం ఆమెకు కథతో పాటు పుట్టింది కాదు, తర్వాత అంటగట్టింది. నీ కార్యక్రమం వినేవాళ్లలో సవతి తల్లి దగ్గర హాయిగా పెరుగుతున్న పిల్లలూ ఉంటారు. నీ కథలో ఆ దుష్టురాలు పక్క రాజ్యం రాణి అయితే ఏం పోతుంది?

కథ మారిస్తే అసలు కథ పాడవుతుందని బెంగపడకు. సిండ్రెల్లా లాంటి కథ చైనాలో తొమ్మిదో శతాబ్దంలోనే రాసిపెట్టి ఉంది. అందులో ఆ పిల్లకి సాయం చేసేది దేవత కాదు, చేప ఎముకలు. గాజు చెప్పు, గుమ్మడికాయ బండి 1697లో ఫ్రాన్స్‌లో పెర్రో అనే రచయిత అచ్చువేసిన కథలోవి. ఇలా ఎన్నో రూపాలుంటాయి కాబట్టే "ఈ కథ మీ ఇంట్లో వేరేలా చెబుతారా?" అని అడుగు. లోకల్ రేడియోకున్న బలం అదే. ఆ వేరే కథ చెప్పే ముసలావిడ స్టూడియోకి నడిచి రాగలిగేంత దగ్గర్లోనే ఉండొచ్చు. ఆవిడ యాసని దిద్దకుండా రికార్డు చెయ్, ఒప్పుకుంటే పేరు చెప్పు. జానపద కథ అందరిదీ. కానీ ఒక రచయిత తన మాటల్లో తిరగరాసి పుస్తకంగా వేసినది ఆ రచయితది, అనుమతి తీసుకోకుండా చదవొద్దు.

మైకు గురించి కొంచెం. నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా పెట్టుకో, ప, బ, ఫ దగ్గర గాలి తగలదు. ఫ్యాన్ ఆపించు. స్క్రిప్టు ఒకవైపే రాసుకుని విడి కాగితాలుగా పెట్టుకో. మాటల వెనక సంగీతం వద్దు. ఫోన్‌లోని చిన్న స్పీకర్లో అది మాటల్ని మింగేస్తుంది.

ముద్దుముద్దుగా గొంతు మార్చడం మాత్రం మానెయ్. మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తెలుగు పిల్లలు రేడియో అన్నయ్య, అక్కయ్య అని పిలుచుకున్నారు. ఇంట్లో మనిషి అనిపిస్తేనే ఆ వరసలు నోటికొస్తాయి. నువ్వు మీ తమ్ముడితో ఎలా మాట్లాడతావో మైకు దగ్గరా అలాగే మాట్లాడు.

చివర్న "కాబట్టి పిల్లలూ, మనం కూడా" అంటూ రాసిన నాలుగు వాక్యాలు కొట్టేశాను. రాకుమారి ఇల్లు చేరింది, కథ కంచికి వెళ్లింది. అక్కడితో మైకు ఆపేయించు.

ఈసారి స్క్రిప్టు పంపొద్దు. ఫోన్‌లో రికార్డు చేసి పంపు. దానికి ముందు ఎవరైనా చిన్నపిల్లని పక్క గదిలో కూర్చోబెట్టి, నువ్వు కనబడకుండా ఆ రికార్డింగ్ వినిపించు. ఎక్కడ ఊ కొట్టిందో, ఎక్కడ లేచి వెళ్లిపోయిందో కాగితం మీద రాసి అది కూడా పంపు.

ఆశీస్సులతో