డైరీలో దినచర్యే వస్తోంది

ప్రశ్న: మాది హాస్టల్ ఉన్న బాలికల పాఠశాల. తొమ్మిదో తరగతి లీడర్ల చేత రోజూ డైరీ రాయిస్తున్నా 'లేచాం, తిన్నాం, చదివాం' తప్ప ఏమీ రావడం లేదు. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని, ధర్మవరం, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: రోజూ వద్దండీ. వారానికి రెండుసార్లు, పదిహేను నిమిషాలు చాలు. రోజంతా కాకుండా ఒక్క సంఘటన రాయమనండి: కుళాయి దగ్గర బిందెల వరుసలో గొడవైంది, లీడరు ఏం చేసింది? జరిగినదాన్ని తరచి చూసుకోవడానికి విద్యావేత్త గ్రాహం గిబ్స్ 1988లో చెప్పిన పద్ధతిలో ఆరు మెట్లున్నాయి గానీ, ఈ వయసుకు మూడు ప్రశ్నలు సరిపోతాయి. ఏం జరిగింది? నేనలా ఎందుకు చేశాను? మళ్లీ అదే వస్తే ఏం చేస్తాను?

పిల్లలు ఆగిపోయేది రెండోదాని దగ్గరే. 'కోపమొచ్చింది' అని వదిలేస్తారు. 'దానికి ముందు ఎవరేమన్నారు?' అని పక్కన పెన్సిల్‌తో అడగండి. మూడోదానికి 'బాగా ఉంటాను' అంటే ఒప్పుకోవద్దు. 'రేపు ఆరో తరగతి వాళ్లను ముందు నిలబెడతాను' లాంటి పని ఉండాలి. చేసిందీ లేనిదీ వారం తర్వాత అదే పేజీ కింద రాయాలి.

ఎర్రసిరా, మార్కులు వద్దేవద్దు. తప్పులు దిద్దారా, ఇక మీకు నచ్చేదే రాస్తారు. ఎవరూ చూడొద్దని పిల్లలు మడిచిన పేజీ మీరు తెరవకూడదు. అయితే ఎవరైనా కొడుతున్నారనో, పెళ్లి కుదిర్చారనో మీ కంటపడితే దాచలేమని మొదటిరోజే చెప్పండి. బాలల హెల్ప్‌లైన్ 1098ని అట్ట లోపల రాయించండి.